అన్నమయ్య సంకీర్తనలు: రాగిరేకుల నుండి అంతర్జాలం దాకా కాపీరైటు

తాళ్లపాక అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనలు తిరుమల ఆలయ భాండాగారంలోని రాగిరేకుల నుండి 20వ శతాబ్దంలో వెలుగుచూసి, తిరుపతి నుండి ముద్రితమయ్యాయి. ఆ సాహిత్యంపై నేడు ఎవరికీ కాపీరైటు లేదు. అయితే రేకులపై రాగనామమే తప్ప స్వరలిపి లేదు. అందువల్ల రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) వంటివారు కూర్చిన వరుసలు కొత్త సంగీతకృతులే. 1957 నాటి చట్టం లిఖితరూపంలోని సంగీతాన్నే గుర్తించగా, 1994 సవరణ ఆ నియమాన్ని తొలగించింది. స్వరకర్త హక్కు మరణానంతరం 60 ఏళ్లు, ధ్వనిముద్రణపై హక్కు ప్రచురణానంతరం 60 ఏళ్లు నిలుస్తాయి. కనుక అంతర్జాలంలో ఒక సంకీర్తనపై హక్కు కోరినప్పుడు అది సాహిత్యానిదా, వరుసదా, ధ్వనిముద్రణదా అని విడదీసి చూడాలి. లేనిచో ఐదు శతాబ్దాల ఉమ్మడి వారసత్వం ఒక రికార్డింగు యజమాని సొత్తుగా చలామణి అవుతుంది.