క్రీడాంగణమున పానీయ నిర్ణయము

బోధనులో 1937 నాడు వెలసిన నిజాము చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. అంతకు బహుపూర్వమునుండియే నిజామాబాదు ప్రాంతపు కూలివారు బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోవుచుండిరి. ప్రపంచ ఫుట్‌బాలు పోటీలకై ఖతరున ఎనిమిది క్రీడాంగణములు సిద్ధపరుపబడినప్పుడు ఆ పనులలో తెలంగాణమువారును పాటుపడిరి. కావున అచ్చటి పానీయ నిర్ణయము మనకు పరాయి కథ కాదు.

2022 నవంబరు 20న ఆటలు ప్రారంభము. బడ్వైజరు బీరు అమ్ముటకు ఒప్పందము ముందే జరిగియున్నది. ప్రారంభమునకు రెండు దినముల ముందు ఆ అమ్మకము క్రీడాంగణముల ఆవరణములనుండి తొలగింపబడెను. మత్తులేని బీరు మాత్రము నిలిచెను. మద్యనిషేధమును కోరు మేము సంతసించితిమి. ఆ సంతోషము నిలువలేదు. అధికధనమిచ్చి విలాసకక్ష్యలలో కూర్చున్నవారికి మద్యము యథాపూర్వముగా అందినది. నెల్లూరు మండలము దూబగుంట స్త్రీలు 1992లో సారాపై లేచినది తమ యిండ్లను కాపాడుకొనుటకు. ఇచ్చటి నిషేధమో, టిక్కెట్టు వెల చూచి నడచెను!

ఇక ఆ గోడలు లేపినవారి దాహమును ఎవరు తలచిరి? వేసవిలో ఎండవేళ బయటిపని కూడదను నియమము పగలు పదకొండున్నర మొదలు మూడు గంటల వరకే యుండెను. ఉదయము 10 మొదలు మూడున్నర వరకు అది పెరిగినది 2021లో. అప్పటికే ఎనిమిదింట నాలుగు అంగణములలో ఆటలు జరిగియుండెను.