అరకు కాఫీకి ఆ రుచి ఎలా వచ్చింది

అక్కచెల్లెళ్లారా, మన కొండల కాఫీ చాలా దూరం నుంచి వచ్చింది. అరబికా పుట్టిల్లు ఇథియోపియా. అక్కడి నుంచి యెమెన్ మీదుగా మన దేశం చేరింది. 1898లో బ్రోడీ అనే తెల్లదొర పాములేరు లోయలో తోట వేయించాడు. 1920లలో అరకు, అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది. తర్వాత అటవీ శాఖ, కాఫీ బోర్డు, ఐటీడీఏ వల్ల గిరిజన రైతుల పొలాల్లోకి వచ్చింది.

ఇక్కడ తోటలు చాలావరకు 900 మీటర్ల ఎత్తుకు పైనే ఉంటాయి. రాత్రి చలికి, సిల్వర్ ఓక్ నీడకి పండు నిదానంగా పండుతుంది. అందుకే గింజలో తీపి, కమ్మని పులుపు చేరతాయి. కొండ ఇచ్చేది అంతవరకే. ఆ తర్వాతంతా మన చేతిపనే.

ఎర్రగా పండినవే ఏరాలి. పచ్చికాయ కలిస్తే వగరు. కోసిన రోజే తొక్క తీసి, జిగురు వదిలేదాకా పులియబెట్టి, కడిగి ఎండబెడితే పార్చ్‌మెంట్. దాని రుచి తేటగా ఉంటుంది. పండును అలాగే ఎండబెడితే చెర్రీ. దాని రుచి చిక్కన. పులుపు ఎక్కువైనా, మట్టినేల మీద ఆరబోసినా వాసన పట్టేసి ఏడాది కష్టం పోతుంది.

2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ పండును పండుగానే సంతలో అమ్మేస్తే, రుచి తెచ్చే పనీ దాని ఆదాయమూ రెండూ వేరేవాళ్లవే. తొక్క తీసే మిషను, ఎండబెట్టే మంచెలు సంఘమంతా కలిసి పెట్టుకుంటే ధర అడిగే మాట మనకుంటుంది.