మసిగుడ్డకి ధర ఎంత?

మా వైపు వంటింటి గుడ్డకి ఒకటే పేరు, మసిగుడ్డ. కట్టెల పొయ్యి పోయి గ్యాస్ వచ్చి ఇన్నేళ్ళయినా ఆ మసి పేరులో అట్లాగే ఉండిపోయింది. దాన్ని డబ్బు పెట్టి కొన్నవాళ్ళు మా ఇళ్ళలో లేరు. నాన్న పాత పంచె, చిరిగిన లంగా, కొంగు పోయిన నూలు చీర, ఏదో ఒకటి చించితే మసిగుడ్డ అయిపోయేది. ఇప్పుడు ఇంట్లో అన్నీ సింథటిక్ చీరలే. వాటిని చించి గిన్నె పట్టుకుంటే చేతికి అంటుకుంటాయి, నీళ్ళు తుడిస్తే అటు నుంచి ఇటు జరుపుతాయి తప్ప పీల్చవు. అందుకే రెండేళ్ళుగా నేనే నూలు దారంతో క్రోషా మసిగుడ్డలు అల్లుకుంటున్నాను.

అవి చూసి పక్కింటి వదిన అడిగింది, "నాకూ నాలుగు అల్లిపెట్టు మే, దీనికెంత తీసుకుంటావ్?" అని. నేను లెక్క వేసుకునే లోపలే తనే అనేసింది, "ఊరికే కూర్చున్నప్పుడు అల్లేదేగా, దారం డబ్బులిస్తాలే." తనలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ ఆ "ఊరికే కూర్చున్నప్పుడు" అనే మాటకి మన తెలుగునాట నూట ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఈరోజు అదే రాయాలనుకున్నాను.

క్రోషా అంటే ఫ్రెంచిలో చిన్న కొక్కెం. ఇది మనం అనుకునేంత పాత విద్య కాదు. యూరప్‌లో దీని నమూనాలు పుస్తకాల్లో అచ్చవడం పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే మొదలైంది. 1845 తర్వాత ఐర్లాండ్‌లో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి ఘోరమైన కరువు వచ్చినప్పుడు, అక్కడి సన్యాసినులు, జమీందారీ ఇళ్ళ ఆడవాళ్ళు పేద స్త్రీలకి ఈ అల్లిక నేర్పించారు. పొలం పోయిన ఇంటికి ఆ లేసు అమ్మిన డబ్బే తిండి పెట్టింది. కరువుకీ ఈ సూదికీ మొదటి నుంచీ చుట్టరికం ఉందన్నమాట. కరువంటే ఏమిటో బద్వేలు వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇది గోదావరి ఒడ్డుకీ వచ్చింది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు 1844 ప్రాంతంలో దుమ్ముగూడెంలో, కొత్తగా మతం మారిన పేద స్త్రీలకి లేసు అల్లిక నేర్పారని చెప్తారు. అక్కడి నుంచి నది వెంబడి దిగువకి, నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళకి పాకింది. అల్లినవి మిషనరీలే తమ దేశానికి పంపించి, అక్కడ తెలిసినవాళ్ళకి అమ్మించి, డబ్బు తెచ్చి ఇచ్చేవాళ్ళు.

ఇక్కడ నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఒకటి ఉంది. నర్సాపురం పక్కన మాధవాయపాలెం అనే ఊరుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ కోఠీ పెట్టి నూలుబట్ట కొని ఓడలకెక్కించేది. ఆ ఊరి పేరు మీదే ఆ మెత్తటి నూలుబట్టకి ఇంగ్లండ్‌లో "మాడపొల్లం" అని పేరొచ్చింది. అంటే బట్టకి తన పేరు పెట్టుకున్న చోటు అది. పంతొమ్మిదో శతాబ్దంలో మిల్లు నూలు, మిల్లు బట్ట దిగేసరికి అన్నిచోట్లా ముందు దెబ్బతిన్నది రాట్నం. రాట్నం తిప్పింది ఎక్కువగా ఆడవాళ్ళే. మగ్గం ఎంతో కొంత నిలిచింది, రాట్నం అటకెక్కింది. మా కడప జిల్లాలోనూ అంతే. సిద్ధవటం దగ్గర మాధవరంలో మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి, కానీ దారం మాత్రం ఎప్పుడో బయటి నుంచి రావడం మొదలైంది. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకి మిగిలిన పని కండెలు చుట్టడం. దానికి వేరే కూలి ఉండదు, చీర కూలిలోనే కలిసిపోతుంది. ఆ చీర కూలి ఎవరి చేతికొస్తుందో మీకు తెలుసు.

రాట్నం పోయిన చేతిలోకి గోదావరి జిల్లాల్లో ఈ చిన్న కొక్కెం వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో నర్సాపురం వ్యాపారులు నేరుగా విదేశాలకి ఎగుమతి మొదలుపెట్టారు. క్రైస్తవ కుటుంబాల నుంచి గడప దాటని ఇళ్ళకి, గోషా పాటించే ఇళ్ళకి కూడా పని చేరింది. ఏజెంటు దారం తెచ్చి ఇంట్లో ఇస్తాడు, అల్లింది తీసుకెళ్తాడు. ఆడది బయటికి రానక్కర్లేదు. ఇంటి పరువుకి పరువు, చేతిలో నాలుగు డబ్బులు.

ఆ నాలుగు డబ్బులు ఎన్నో తెలుసుకోవడానికి మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1970ల చివర్లో నర్సాపురం వచ్చి ఉన్నారు. 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం రాశారు. ఆమె లెక్కలో ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే స్త్రీకి వచ్చేది రూపాయి కూడా కాదు. పొలంలో నాట్లేసే కూలి ఆడమనిషికి అంతకన్నా ఎక్కువే వచ్చేది. పైగా ఒకరు పువ్వులు అల్లితే ఒకరు వాటిని కలిపేవాళ్ళు. చేతిపని వేరు, అతుకుపని వేరు. అందుకని తన చేతి నుంచి పోయింది చివరికి టేబుల్ క్లాత్ అయిందో, పరదా అయిందో, ఎంతకి అమ్ముడైందో అల్లినావిడకి తెలిసేది కాదు. రాష్ట్రం నుంచి బయటి దేశాలకి వెళ్ళే చేతిపనుల్లో సింహభాగం ఈ లేసుదే, కానీ దాన్ని అల్లేవాళ్ళు సర్కారు లెక్కల్లో గృహిణులు. "ఏం చేస్తుంటారు?" అంటే "ఇంట్లోనే ఉంటుంది" అనే జవాబు. అల్లిక ఖాళీ టైములో చేసేది కదా! వ్యాపారం చేసిన మగవాళ్ళేమో మేడలు కట్టారు. (ఆరు గంటల ఖాళీ టైము ఏ ఇల్లాలికి ఉందో నాకెవరైనా చూపిస్తే వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాను.)

మీస్ పుస్తకం రాసిన తర్వాత చాలా మారింది. సీతారాంపురంలో అలంకృతి లేస్ పార్క్ వచ్చింది, స్త్రీల సహకార సంఘాలు వచ్చాయి. యంత్రం మీద చేసిన చవక లేసు చైనా నుంచి వచ్చి బాగా దెబ్బ కొట్టింది. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు ఊరికి వచ్చింది సరే, పువ్వు అల్లే చేతికి ఎంత పెరిగిందో కూడా ఎవరైనా రాస్తే బాగుండు. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పగలను. అసలైన క్రోషా అల్లే యంత్రం లేదు. బజారులో క్రోషా అని అమ్మే మిషను లేసు వేరే రకం అల్లిక. మీ ఇంట్లో నిజమైన క్రోషా ముక్క ఉందంటే, పది రూపాయల సంతలో కొన్నా సరే, ఎవరో ఒకరు కూర్చుని అల్లిందే.

మళ్ళీ నా మసిగుడ్డ సంగతికి వస్తాను. ఒక్కటి అల్లడానికి నాకు మూడు గంటలు పడుతుంది, 40 రూపాయల దారం పడుతుంది. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఎనిమిది గంటల రోజు అనుకుంటే మూడు గంటలకి 112 అవుతుంది. దారంతో కలిపి 150 పైనే. టౌన్లో టవల్ ముక్క ముప్పైకి దొరుకుతుంది. వదినకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు చూసి, "మరి నేను పిండే మిషన్ కుట్లకి కూడా ఇట్లా వేస్తే..." అని ఆగిపోయింది. తను జాకెట్లు కుడుతుంది. నాలుగు గుడ్డలకి బదులు నాకు రెండు జాకెట్లు కుట్టేట్టు ఒప్పందం అయింది, దారం, లైనింగు ఎవరివి వాళ్ళవే.

అల్లాలనుకునేవాళ్ళకి పద్ధతి చెప్తాను, చాలా తేలిక. మెరిసే సన్న లేసు దారం వద్దు, పురి గట్టిగా ఉండి నీళ్ళు సరిగ్గా పీల్చదు. మెరుపు లేని లావు నూలు దారం, 4 మిల్లీమీటర్ల సూది తీసుకోండి. అక్రిలిక్ ఉన్ని అసలే వద్దు, వేడి గిన్నెకి కరిగిపోతుంది. 27 గొలుసులు వేసి, సూది నుంచి రెండో గొలుసులో ఒక సింగిల్, పక్కదానిలో ఒక డబుల్, మళ్ళీ సింగిల్, మళ్ళీ డబుల్, ఇట్లా చివరిదాకా. 26 కుట్లు వస్తాయి. తిప్పి ఒక గొలుసు వేసి, ఈసారి డబుల్ మీద సింగిల్, సింగిల్ మీద డబుల్. వరుస ఎప్పుడూ సింగిల్‌తో మొదలై డబుల్‌తో ముగియాలి. పొట్టి కుట్టు పక్కన పొడుగు కుట్టు ఇమడలేక బయటికి ఉబుకుతుంది, గుడ్డంతా రాగి సంగటి పైపొరలా బొడిపెలు బొడిపెలుగా వస్తుంది. ఆ బొడిపెలే జిడ్డుని పట్టేది. చదరంగా వచ్చేదాకా అల్లి ముడేయండి.

నూలు తడిస్తే బలం పెరుగుతుంది కాబట్టి గట్టిగా పిండినా ఏమీ కాదు. వారానికోసారి కాస్త సోడా వేసి మరగబెట్టండి. మాది బోరు నీళ్ళు, ఉప్పు పేరుకుని గుడ్డ బిరుసెక్కుతుంది. చివరి జాడింపులో ఒక నిమ్మచెక్క పిండితే మెత్తబడుతుంది. ఎండకి మా బద్వేల్లో కరువు లేదు, అరగంటలో ఆరిపోతుంది.