గొల్లభామ రొయ్య, నౌపడా ఉప్పు, మా చిన్నమావయ్య

మొన్నామధ్య మా టీములో ఒకతను గృహప్రవేశానికి పిలిచాడు. గచ్చిబౌలిలో పన్నెండో అంతస్తు. వ్రతం, భోజనాలు అయ్యాక జనమంతా హాల్లో ఒక మూల గుమిగూడారు. ఏంటా అని చూస్తే అక్వేరియం. అందులో ఒకే ఒక్క జీవి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం కలిపి ఎవరో తీరిగ్గా రంగులేసినట్టుంది. కళ్ళు రెండూ కాడల మీద నిలబడి దేనికది విడిగా తిరుగుతున్నాయి. "పీకాక్ మాంటిస్ ష్రింప్, బాస్. తేడా వస్తే గాజు పగలగొట్టేస్తుంది" అన్నాడు గర్వంగా. ధర కూడా చెప్పాడు. నా మొదటి నెల జీతం కంటే ఎక్కువ.

అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నాకు మాత్రం మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. మాది టెక్కలి. అమ్మమ్మ వాళ్ళది భావనపాడు పక్కన సముద్రం ఒడ్డు ఊరు. వేసవి సెలవుల్లో పొద్దున్నే అలివి వల లాగుతుంటే చూడ్డానికి పరిగెత్తేవాళ్ళం. మంచి చేపలు, రొయ్యలు ఏరుకున్నాక అడుగున మిగిలే చెత్తలో ఈ జీవి దాయాది కనపడేది. రంగులేం లేవు, బురద రంగు. ముందు కాళ్ళు గొల్లభామ కాళ్ళలాగే మడిచి ఉండేవి, వాటికి రంపం పళ్ళు. మా చిన్నమావయ్య దాన్ని తోక పట్టుకుని ఎత్తి ఇసకలోకి విసిరేసేవాడు. పారేసే దాన్ని పట్టుకుంటే ఒట్టి పుణ్యానికి వేలు తెగుతుందని ఆయన బాధ. ఆయన ఎడమ బొటనవేలి మీద ఇప్పటికీ ఆ గాటు ఉంది. ఇంగ్లీషులో దీనికి బొటనవేళ్ళు చీల్చేది అనే అర్థం వచ్చే ముద్దుపేరు ఉందని తర్వాతెప్పుడో చదివి తెగ నవ్వుకున్నాను.

మాంటిస్ అంటే మన గొల్లభామే కాబట్టి ఇక్కడ దీన్ని గొల్లభామ రొయ్య అంటాను. ఇది నేను పెట్టిన పేరు, నిఘంటువులో వెతక్కండి :-). నిజానికి ఇది రొయ్య కూడా కాదు. రొయ్యలు, పీతల వంశం నుంచి 30 కోట్ల ఏళ్ళకి పైనే విడిపోయిన వేరే శాఖ. ఇందులో రెండు రకాలు. ఒకటి గుద్దేది, ఇంకోటి పొడిచేది. మా వాడి ఇంట్లో ఉన్నది గుద్దే రకం. పగడపు దిబ్బల దగ్గర రాళ్ళ సందుల్లో ఉంటుంది, నత్తల్ని, పీతల్ని బద్దలుకొట్టి తింటుంది. ఆ దెబ్బ వేగం సెకనుకి 23 మీటర్ల దాకా ఉంటుందని 2004లో షీలా పటేక్, కోర్ఫ్, కాల్డ్‌వెల్ హైస్పీడ్ కెమెరాతో కొలిచారు. ఆ వేగానికి నీళ్ళలో బుడగలు పుట్టి పగులుతాయి, అది రెండో దెబ్బ. మా తీరంలో పగడపు దిబ్బల్లేవు. ఉన్నదంతా ఇసక, బురద. అక్కడ బతికేది పొడిచే రకం. బొరియలో నక్కి, పైన ఈదే చేపని ముళ్ళతో గుచ్చి లోపలికి లాక్కుంటుంది. పెద్దవన్నీ ఈ రకంలోనే ఉన్నాయి. అన్నిట్లోకీ పెద్దదైన లైసియోస్క్విల్లినా మాక్యులేటా అడుగు పైన పెరుగుతుంది. కానీ దాని పోటు వేగం సెకనుకి 2.3 మీటర్లేనని 2012లో తేలింది. అంటే గుద్దే దాంట్లో పదో వంతు. దాక్కుని కాచుకునేవాడికి అంత తొందరెందుకు?

సరే, అసలు విషయానికొస్తాను. ఒడ్డున విసిరేసే జీవి హాల్లోకి ఎలా వచ్చిందా అని ఆ రాత్రి ఇంటికొచ్చి వెతకడం మొదలెట్టాను. బిల్డ్ నడుస్తున్నంత సేపూ స్కాన్ చేసిన పాత పుస్తకాలు చదవడం నాకున్న ఒకే ఒక్క దురలవాటు.

మన సముద్రాన్ని పద్ధతిగా రాసిపెట్టిన మొదటివాళ్ళలో పాట్రిక్ రస్సెల్ ఒకడు. వృత్తికి వైద్యుడు. తమ్ముడు క్లాడ్ రస్సెల్ కంపెనీ ఉద్యోగంలో విశాఖపట్నంలో ఉంటే ఆయనతో పాటు వచ్చాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కోనిగ్ చనిపోతే కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పని ఈయనకి ఇచ్చారు. 1789లో తిరిగి వెళ్ళిపోయాడు. విశాఖపట్నంలో పోగుచేసిన రెండొందల చేపల బొమ్మలు, వర్ణనలు 1803లో లండనులో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, ఆయన చేపలకి ఇక్కడివాళ్ళు పలికిన పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మొట్టమొదటి బొమ్మ షాక్ కొట్టే చేపది. దాని పేరు "తెమెరీ". పైకి చదివితే మన తిమ్మిరే! ముట్టుకుంటే తిమ్మిరెక్కుతుంది కాబట్టి తిమ్మిరి. రెండో బొమ్మ "నల్ల తెమెరీ". రెండొందల ఏళ్ళ కిందట వల లాగినవాళ్ళ నోటిమాట లండను అచ్చులోకి వెళ్ళింది. కాకపోతే రస్సెల్ రాసింది చేపల గురించి. గొల్లభామ రొయ్యకి ఆ అదృష్టం దక్కలేదు.

దాని వంతు వచ్చేసరికి ఇంకో నూరేళ్ళు పట్టింది. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ మీద ఆల్కాక్ అనే సర్జన్ 1888 నుంచి పనిచేశాడు. ఆ ఓడ తవ్వి తీసిన జీవుల జాబితాల్లో గంజాం తీరం, విశాఖ తీరం అన్న మాటలు కనిపిస్తాయి. గంజాం అంటే మనకేంటి అనుకోకండి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ గంజాం జిల్లాయే. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో. 1913లో కలకత్తా ఇండియన్ మ్యూజియంలో స్టాన్లీ కెంప్ తమ దగ్గరున్న గొల్లభామ రొయ్యలన్నీ ముందేసుకుని 217 పేజీల పుస్తకం రాశాడు. ఈ జాతుల మీద పనిచేసేవాళ్ళు నేటికీ దాన్ని తిరగేస్తారు. ఆ మరుసటి ఏడాది అనండేల్‌తో కలిసి చిలక సరస్సు సర్వేకి దిగాడు. ముళ్ళు ఎన్ని, తోక మీద గీతలు ఎన్ని, అన్నీ ఉన్నాయి ఆ 1913 పుస్తకంలో. లాటిన్ పేర్లున్నాయి. రస్సెల్ చేసినట్టు వల లాగినవాడిని "ఏటంటారు దీన్ని?" అని అడిగిన జాడ మాత్రం నాకు దొరకలేదు. మ్యూజియం సీసాలో ఉన్నదాన్ని చూసి రాస్తే అంతే మరి.

బతికున్న సముద్ర జీవుల్ని గాజు వెనకాల చూపించే పని మన దేశంలో మొదలైంది మద్రాసు మెరీనాలో. ఎడ్గర్ థర్‌స్టన్ (మన కులాల మీద ఏడు సంపుటాలు రాసిన ఆ థర్‌స్టనే) తలపెట్టిన అక్వేరియం 1909లో తెరిచారు. దేశంలో అదే మొదటిది. అప్పటికి మనవైపు రైలు కూడా పడింది, పలాసలో ఎక్కితే మద్రాసు వెళ్ళొచ్చు. 1942లో జపాన్ బాంబుల భయంతో దాన్ని మూసేశారు.

ఇంట్లో సముద్రం పెట్టుకోవడం వేరే కథ. 1854లో ఇంగ్లండులో గోస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అనే మాట ఇళ్ళల్లోకి పాకింది. కానీ సముద్రానికి దూరంగా ఉన్నవాడికి ఉప్పునీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇక్కడే నాకు మా నౌపడా గుర్తొస్తుంది. టెక్కలి పక్కనే ఉప్పు మడులు, 1930 ఉప్పు సత్యాగ్రహంలో పేరు మోగిన ఊరు. చిన్నప్పుడు రైలు కిటికీలోంచి ఆ తెల్లటి కుప్పలు చూసి, అది నీళ్ళలో కలిపితే సముద్రం వస్తుందనుకునేవాణ్ణి. రాదు. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల లవణాలుంటే అందులో మనం తినే ఉప్పు నాలుగింట మూడు వంతుల పైచిలుకు. మిగతాది మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వగైరా. మడిలో సున్నం ముందే అడుక్కి దిగిపోతుంది, తర్వాత ఉప్పు, చివర్న మెగ్నీషియం ఉన్న చేదు నీళ్ళు పారబోస్తారు. అంటే రైతు పారబోసిందంతా మళ్ళీ కలిపితేనే సముద్రం. అలా కలిపిన పొడి 1960లలో అమెరికాలో అమ్మకానికి వచ్చాక, సముద్రం మొహం చూడని ఊళ్ళలో కూడా సముద్రపు తొట్టెలు వెలిశాయి. ఇప్పుడు గచ్చిబౌలి పన్నెండో అంతస్తులో 200 లీటర్ల తొట్టెకి మావాడు ఏడు కిలోల పొడి విదేశం నుంచి తెప్పించి కలుపుతాడు.

తమాషా ఏంటంటే ఈ తొట్టెల్లోకి గొల్లభామ రొయ్యని ముందు ఎవరూ పిలవలేదు. 1980ల తర్వాత పగడపు రాళ్ళని జీవాలతో సహా తెచ్చి తొట్టెలో పెట్టడం ఫాషనైంది. ఆ రాళ్ళ సందుల్లో దాక్కుని ఇది టికెట్ లేని ప్రయాణికుడిలా వచ్చేసేది. రాత్రిళ్ళు టక్ టక్ అని చప్పుడు, పొద్దునకి ఒక చేప మాయం. జనం నానా తిప్పలు పడి పట్టి బయట పారేసేవాళ్ళు, అచ్చం మా మావయ్యలాగే. 1998లో ఇంగ్లండులో గ్రేట్ యార్‌మత్ అక్వేరియంలో టైసన్ అనే పేరుపెట్టిన ఒకటి తొట్టె గాజు పగలగొట్టిందని పేపర్లలో వచ్చింది. అక్కణ్ణుంచి దశ తిరిగింది. 2012లో ఓట్‌మీల్ కార్టూన్ వచ్చాక మన ఐటీ జనంలో దీని పేరు తెలియనివాడు లేడు. మనకి మూడు రకాల రంగు గ్రాహకాలైతే దీనికి పదహారు కాబట్టి మనం ఊహించలేని రంగులు చూస్తుందని అందులో ఉంది. 2014లో పరీక్ష పెట్టి చూస్తే దగ్గర దగ్గర రంగుల తేడా కనిపెట్టడంలో ఇది మనకంటే చాలా వెనకబడి ఉందని తేలింది. శాస్త్రవేత్తల ఊహ ఏంటంటే, ఇది రంగుల్ని పోల్చి లెక్కలు వెయ్యదు, చూడగానే ఇది ఫలానా అని గుర్తుపడుతుంది. మన భాషలో చెప్పాలంటే అల్గారిథం లేదు, లుకప్ టేబుల్ ఉంది.

ఇవన్నీ చదివాక నాక్కూడా ఒకటి పెంచాలని పురుగు తొలిచింది. నెమలిరంగుది కాదు, మాదే, బురదరంగుది. ఇలాంటి దానికి గాజు మందం కంటే ముఖ్యం అడుగున మందంగా ఇసక, బొరియకి ఒక పైపు, పైన మూత, నీళ్ళు వేడెక్కకుండా చల్లబరిచే యంత్రం. అన్నీ కొని సిద్ధం చేశాను. క్రితం సంక్రాంతికి ఊరెళ్ళి మావయ్య చేత ఒకటి పట్టించి బకెట్లో వేసుకుని పలాసలో రాత్రి రైలెక్కాను. బ్యాటరీ గాలిపంపు ఒకటే తీసుకెళ్ళాను, బ్యాకప్ లేదు. (ప్రొడక్షన్ సర్వర్లకి రెండేసి పెట్టే వెధవని!) విజయనగరం దాటాక పంపు ఆగింది, నేను నిద్రపోయాను. రాజమండ్రిలో మెలకువొచ్చి చూస్తే చచ్చిపోయి ఉంది. తెల్లారేదాకా ఆ బకెట్ పక్కనే కూచున్నాను. వలలో పడి చచ్చేవి బోలెడుండొచ్చు, ఇది మాత్రం నా ముచ్చట కోసం చచ్చింది.

ఆ తొట్టె ఇప్పటికీ ఖాళీగానే ఉంది. వేసవిలో మళ్ళీ ఊరెళ్ళాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, మావయ్య అరుగు మీద కూచుని వల అతుకుతున్నాడు. ఫోన్లో హాంకాంగ్ హోటళ్ళ ఫోటోలు చూపించాను. అక్కడ వీటిని ఒకదాన్నొకటి చంపుకోకుండా ఒక్కోదాన్ని ఒక్కో ప్లాస్టిక్ సీసాలో పెట్టి బతికుండగానే అమ్ముతారు. జపాన్లో సుషీలోకి, వెనిస్‌లో ఉడకబెట్టి తింటారు. "మరి మన దగ్గరేటి, కోళ్ళ మేతకేనా?" అన్నాడు. ట్రాలర్ల వలల్లో పడ్డ వీటిలో ఎక్కువ భాగం పారబోయడమో, ఎండబెట్టి మేతలో కలపడమో జరుగుతుందని చెప్పాను. ఆయనకి కోపమొచ్చింది. మా జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, చెప్పుకోదగ్గ ఫిషింగ్ హార్బరు లేక కుర్రాళ్ళు గుజరాత్ వెళ్ళి వెరావల్‌లో బోట్లెక్కారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర జాలర్లని పాకిస్తాన్ పట్టుకుపోతే 2020 జనవరిలో గానీ వాఘా దగ్గర వదల్లేదు. 2023లో మా పక్కనే మూలపేట పోర్టుకి శంకుస్థాపన జరిగింది. ఓడలొస్తాయి సరే, బురదలో బొరియల సంగతి ఎవరికి పట్టింది?

మాట మార్చడానికి ఆ పెద్ద రకం, మాక్యులేటా, సంగతి చెప్పాను. అవి జంటగా ఒకే బొరియలో ఏళ్ళ తరబడి ఉంటాయి. మగది గుమ్మం దగ్గర కాచుకుని వేటాడి లోపలున్న ఆడదానికి తిండి పెడుతుంది. తొట్టెల కోసం, కూర కోసం పట్టేవాళ్ళకి గుమ్మం దగ్గరున్న మగదే ముందు చిక్కుతుంది.

మావయ్య సూది ఆపాడు. "మగోడ్ని అట్టుకుపోతే, లోపలున్నది ఎలా తింటాదిరా అల్లుడూ?"

వేటాడ్డం దానికీ వచ్చు గానీ అలవాటు తక్కువ, ఇబ్బంది పడుతుంది అన్నాను.

"మన సూరిగాడు గుజరాతు ఎల్లినప్పుడు ఆడి పెళ్ళాం పడినట్టే అన్నమాట" అన్నాడు. సూరి మా పెద్దమావయ్య కొడుకు. తర్వాత ఇంకేం మాట్లాడకుండా వల పని చూసుకున్నాడు. కాసేపటికి అత్త టీ తెచ్చింది.