ఎన్ని డిస్కులు? ఏ డిస్కులు?

గోదావరిఖనిలో బొగ్గు ఎంత పోయిందంటే గూడ్సు రైలు రేకుల్లో చెప్తారు. అంతకు ముందు తరం గనిలోని బొగ్గు తొట్లు, అంటే టబ్బుల్లో చెప్పేది. వాటిని నింపే కోల్ ఫిల్లర్ కూలి టబ్బుల లెక్కనే కాబట్టి, అంచు దాకా నిండిందా లేదా అన్నది పొట్టకూటి సంగతి. టన్నులు కంపెనీ కాగితాల్లో ఉండేవి. కంప్యూటర్ లోకానికీ అలాంటి టబ్బు ఒకటి కావాల్సి వచ్చింది. అది సీడీ.

1982 అక్టోబరులో సోనీ జపాన్‌లో తొలి సీడీ ప్లేయర్ అమ్మకానికి పెట్టింది. ఫిలిప్స్‌తో కలిసి ఖాయం చేసిన బిళ్ల కొలత 12 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం. 1996లో వచ్చిన డీవీడీకీ, 2006లో వచ్చిన బ్లూ-రేకీ ఆ కొలత మారలేదు. మారిందల్లా లోపలి వరసల ఎడం: సీడీలో 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74, బ్లూ-రేలో 0.32. చదివే లేజర్ తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్ల నుంచి 650కి, తర్వాత 405కి తగ్గింది. అదే బిళ్లలో మొదట 700 మెగాబైట్లు పట్టేవి, తర్వాత 4.7 గిగాబైట్లు, ఆపైన 25 గిగాబైట్లు. బయటికి అదే టబ్బు, లోపల ముప్పై అయిదింతల సరుకు. ఈ లెక్కల్లో తకరారంతా ఇక్కడే మొదలైంది.

తొలి పదేళ్లు లెక్క తలకిందులుగా సాగింది. అప్పుడు డిస్కే పెద్దది, సరుకు చిన్నది. 1985లో గ్రోలియర్ సంస్థ బీరువా నిండే విజ్ఞాన సర్వస్వాన్ని ఒక్క సీడీలోకి ఎక్కించింది; జాగా ఇంకా మిగిలింది. ‘ఒక్క డిస్కులో ఎన్ని పుస్తకాలు’ అన్నదే ఆనాటి గొప్ప. బొగ్గు పట్టణాల దాకా డిస్కు వచ్చింది మాత్రం పుస్తకాలతో కాదు, సినిమాలతో. తెలుగు సినిమా వీసీడీలో రెండు మూడు బిళ్లలయ్యేది. ఇంటర్వెల్ ఎక్కడ పడాలో దర్శకుడు కాదు, మొదటి బిళ్ల నిర్ణయించేది. డీవీడీ రాగానే ఒకే బిళ్లలో నాలుగైదు సినిమాలు కుక్కడం మొదలైంది. ఖాళీ డిస్కులు యాభై ఒక ప్లాస్టిక్ కడ్డీకి గుచ్చి వచ్చేవి. ఆరు సెంటీమీటర్ల ఎత్తు. డబ్బా మీద 4.7 అని ఉంటే కంప్యూటర్ 4.38 చూపించేది. మోసం కాదు. తయారీదారు గిగాబైట్‌ను వెయ్యి చొప్పున లెక్కగట్టాడు, కంప్యూటర్ 1024 చొప్పున గట్టింది.

సరుకు డిస్కును మించిపోగానే ప్రశ్న ‘ఎన్ని డిస్కులు’ అని తిరగబడింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకం మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ సాగింది. 2007 నాటికి అన్ని దేశాల్లో కలిపి 15 లక్షల పుస్తకాలు స్కాన్ అయ్యాయి. పుస్తకానికి 50 మెగాబైట్లు అనుకుంటే దాదాపు 16 వేల డీవీడీలు, 19 మీటర్ల దొంతర. ఇది ఊహకు అందుతుంది, అయిదారంతస్తుల ఇల్లు.

ఆ తర్వాత అందలేదు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థ యంత్రం ఏడాదికి 15 పెటాబైట్లు ఇస్తుందని, అది 17 లక్షల రెండు పొరల డీవీడీలని చెప్పారు. సీడీల్లో పెడితే అదే సరుకు రెండు కోట్ల బిళ్లలు దాటుతుంది. 2011లో హిల్బర్ట్, లోపెజ్ అనే పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో 2007 నాటి ప్రపంచ నిల్వ సామర్థ్యాన్ని 295 ఎక్సాబైట్లుగా తేల్చారు. సీడీలుగా పేరిస్తే చంద్రుణ్ణి దాటి ఇంకో పావు వంతు దూరం. వేసి చూశాను, లెక్క కుదిరింది.

2018లో ఐడీసీ అనే మార్కెట్ పరిశోధన సంస్థ చెప్పింది మాత్రం నాకు కుదరలేదు. 2025లో ప్రపంచంలో పుట్టే డేటా 175 జెట్టాబైట్లని, డీవీడీలుగా పేరిస్తే చంద్రుడి దాకా 23 సార్లని రాశారు. 4.7తో భాగిస్తే 37 లక్షల కోట్ల బిళ్లలు, నాలుగున్నర కోట్ల కిలోమీటర్లు, అంటే చంద్రుడి దాకా 116 సార్లు. 25 గిగాబైట్ల బ్లూ-రే అనుకుంటేనే 22 దగ్గర ఆగుతుంది. బిళ్ల పేరు ఒకటి, గుణించింది ఇంకొకటి అయినట్టుంది. టబ్బు సైజు చెప్పకుండా టబ్బులు లెక్కపెడితే మన కోల్ ఫిల్లర్ ఊరుకునేవాడా? పైగా ఆ డేటాలో నిలవ ఉండేది కొంతే. తక్కినది పుట్టి పోయేదే.

ఎత్తు చెప్పేవాళ్లు బరువు చెప్పరు. డీవీడీ 16 గ్రాములు అనుకుందాం. ఆ 37 లక్షల కోట్ల బిళ్లలు దాదాపు 60 కోట్ల టన్నులు. సింగరేణి 2023-24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. ఎనిమిదిన్నరేళ్ల ఉత్పత్తి అన్నమాట. నాలుగు వేల టన్నుల రేకుల్లోకి ఎక్కిస్తే లక్షన్నర రేకులు. చంద్రుడి కన్నా ఇదే నాకు బాగా అర్థమవుతుంది.

అయినా బీరువాలో పడున్న డిస్కు కరెంటు తినదు. డేటా సెంటర్ రాత్రింబవళ్లు తింటుంది. ఆ ఖర్చు డిస్కుల దొంతరలో ఎక్కడా కనబడదు. 2022లో హైదరాబాద్‌లో డేటా సెంటర్లకు రూ.15,000 కోట్ల పెట్టుబడి అంటూ మైక్రోసాఫ్ట్ ప్రకటించినప్పుడు కూడా పేపర్లలో రూపాయలే పతాక శీర్షికలయ్యాయి, కరెంటు యూనిట్లు కాదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనాలో 2024లో ప్రపంచ డేటా సెంటర్లు వాడింది 41,500 కోట్ల యూనిట్లు. మన రామగుండం ఎన్‌టీపీసీ 2,600 మెగావాట్లు ఏడాది పొడుగునా ఆగకుండా నడిస్తే వచ్చేది సుమారు 2,280 కోట్ల యూనిట్లు. అంటే పద్దెనిమిది రామగుండాలు. ఏ కేంద్రమూ ఏడాదంతా నూటికి నూరు పాళ్లు నడవదు కాబట్టి, ఓవర్‌హాలింగ్ రోజులు తీసేస్తే ఇరవై పైనే.