మూడు ఫాస్ఫేట్ల లెక్క

ఉట్నూరు నుంచో సిరిసిల్ల నుంచో బస్సెక్కి నెల మందుల కోసం ఏఆర్టీ కేంద్రానికొచ్చిన మనిషిని అక్కడ మొదట అడిగే మాట ఒకటే: "గోళీలు యాళ్లకు ఏసుకుంటున్నవా?" అసలు ఆ 'యాళ్ల' ఎంతో ఎవరు తేల్చారు? పన్నెండు గంటలకోసారా, రోజుకోసారా? దీని వెనక పెద్ద కథే ఉంది. నా బతుకు కోడు రాసుకోవడమే, డాక్టర్ని కాను. అయినా ఈ కథ తెలుసుకోదగ్గదని రాస్తున్నా.

జిడోవుడిన్ (ఏజడ్‌టీ) అనే మందును 1964లో జెరోమ్ హార్విట్జ్ కేన్సర్ కోసం తయారుచేశాడు. దానికి పనికిరాలేదు, మూలన పడింది. 1987 మార్చిలో అదే మందు హెచ్ఐవీకి మొదటి మందుగా అమెరికాలో అనుమతి పొందింది. నాలుగు గంటలకోసారి మింగాలి, అర్ధరాత్రి కూడా! రక్తంలో ఆ మందు గంటకల్లా సగమైపోతుంది మరి. జనం అలారం పెట్టుకుని లేచేవాళ్ళు. ఆ మోతాదుకి రక్తహీనత వచ్చి చాలామంది కుదేలయ్యారు.

ఇక్కడే ఉంది తిరకాసు. ఈ జాతి మందులు రక్తంలో పని చెయ్యవు. కణంలోకి వెళ్ళాక అక్కడి ఎంజైములు ఒక్కొక్కటిగా మూడు ఫాస్ఫేట్లు తగిలిస్తేనే అది వైరస్‌ని అడ్డుకుంటుంది. మూడు ఫాస్ఫేట్లనగానే మనవాడు గుర్తు రావాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1929లో ఇద్దరూ ఏటీపీని వేరుచేశారు (అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా). కణం మందుకి తగిలించే ఫాస్ఫేట్లు మామూలుగా ఆ ఏటీపీ నుంచి వచ్చేవే.

మరి కణం లోపల కొలవడమెలా? రక్తం తీసి, ఆలస్యం చెయ్యకుండా తెల్లకణాలు వేరుచేసి, లెక్కపెట్టి, మిథనాల్‌తో పగలగొట్టి మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఇవ్వాలి. పదిలక్షల కణాల్లో దొరికేది ఫెమ్టోమోళ్ళలోనే. ఒక ఫెమ్టోమోల్ అంటే మోల్‌లో వెయ్యి లక్షల కోట్లవ వంతు!

1990ల్లో ఇలా కొలిస్తే తెలిసిందేమిటి? ఏజడ్‌టీకి రెండో ఫాస్ఫేట్ దగ్గరే ట్రాఫిక్ జామ్. మోతాదు పెంచితే ఒక ఫాస్ఫేట్ రూపమే పోగుపడుతోంది, అసలు పనిచేసే రూపం ఆ లెక్కన పెరగట్లేదు. పైగా అది రక్తంలో కన్నా కణంలో ఎక్కువసేపు నిలుస్తోంది. అలారాలు అక్కర్లేదు, రోజుకి రెండుసార్లు చాలు. ఇంకోటి: ఏజడ్‌టీ, స్టావుడిన్ కలిపి ఇస్తే రెండూ ఒకే ఎంజైము కోసం కొట్టుకుంటాయి, స్టావుడిన్ ఓడిపోతుంది. రక్తపరీక్షలో మాత్రం రెండూ భేషుగ్గా కనిపిస్తాయి!

మన దగ్గరికొద్దాం. 2003లో క్లింటన్ ఫౌండేషన్ ధరలు తగ్గించిన ఒప్పందంలో మన హైదరాబాద్ మేట్రిక్స్ ల్యాబ్స్ కూడా ఉంది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత మందులు మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చవగ్గా దొరికింది స్టావుడిన్. ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కానీ కణంలోని మైటోకాండ్రియాని దెబ్బతీసి కొందరికి పాదాల్లో మంటలు, పీక్కుపోయిన దవడలు మిగిల్చింది. ఊళ్ళో దవడలు చూసి గుసగుసలాడుకుంటే ఎంత నరకమో వేరే చెప్పాలా? బరువుతో నిమిత్తం లేకుండా 30 మిల్లీగ్రాములకి దించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో, క్రమంగా మానెయ్యమని 2009లో చెప్పింది.

దాని స్థానంలో వచ్చిన వాటిలో ముఖ్యమైనది టెనోఫోవిర్. రక్తంలో దాని అర్ధాయువు 17 గంటలు. తెల్లకణాల్లో దాని పనిచేసే రూపానిది సుమారు 150 గంటలు, ఎర్రకణాల్లో 17 రోజులు. రోజుకొక్క గోళీ సరిపోవడం వెనకున్న లెక్కల్లో ఇదొకటి. కార్డు మీద ఎండిన ఒక్క రక్తపుచుక్క నెలరోజుల సంగతి చెప్పేస్తుంది.

అలాగని ఆపేస్తే ఏం కాదనుకోవద్దు. మందులన్నీ ఒకేసారి కణాన్ని ఖాళీ చెయ్యవు. వెనకబడి ఒంటరిగా మిగిలిన మందుకి వైరస్ అలవాటుపడిపోతుంది.

నా అభిప్రాయం ఒకటే. ఆ చుక్కని పోలీసు సాక్ష్యంలా వాడకూడదు. దుబాయ్ పోయి, బీడీలు చుట్టి, కూలికి పోయి బతికే మనిషికి ఒక పూట తప్పిందంటే తిట్లు కాదు, కణం ఎంత ఓర్చుకుంటుందో, ఎక్కడ ఓర్చుకోలేదో విడమరిచి చెప్పాలి. అది తెలుసుకునే హక్కు ఆ గోళీ మింగేవాడికే మొదట ఉంది.