భారత ప్రభుత్వ టంకశాలలు - వాటి గుర్తులు

టంకశాల అనగా ప్రభుత్వ అధికారముతో నాణెములను తయారుచేయు కర్మాగారము. భారతదేశములో ప్రస్తుతము ముంబై, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడా నగరములలో నాలుగు టంకశాలలు ఉన్నవి. ఏ నాణెము ఎక్కడ తయారైనదో తెలుపుటకు సాధారణముగా సంవత్సరపు అంకెల క్రింద ఒక చిన్న గుర్తు ఉంచబడును. దీనినే టంకశాల గుర్తు అందురు.

== గుర్తుల అవసరము ==

పూర్వము నాణెము విలువ అందులోని వెండి, బంగారములపై ఆధారపడి ఉండెడిది. బరువు తగ్గినను, లోహములో కల్తీ జరిగినను ఆ తప్పు ఏ టంకశాలదో తెలుసుకొనుటకు గుర్తు ఉపయోగపడెడిది. నేటి నాణెము విలువ లోహముపై ఆధారపడి లేదు. అయినను తయారీలో లోపము కనిపించినచో దాని మూలమును గుర్తించుటకు, చరిత్ర పరిశోధనకు ఈ గుర్తులు నేటికీ అవసరమే.

== ప్రస్తుత టంకశాలలు ==

* ముంబై: ఈ టంకశాల 1829 నాటిది. దీని గుర్తు వజ్రాకారము. సేకరణ కొరకు ప్రత్యేకముగా తయారుచేయు నాణెములపై మొదట 'బి', నగరము పేరు మారిన తరువాత 1996 నుండి 'ఎం' అను ఆంగ్ల అక్షరము కనిపించును.
* కోల్‌కతా: ఇక్కడ మొదటి టంకశాల 1757లో ఏర్పడినది. ఇప్పటి అలీపూర్ టంకశాల 1952లో ప్రారంభమైనది. దీనికి గుర్తు లేదు. సంవత్సరము క్రింద ఏమీ లేనిచో ఆ నాణెము సాధారణముగా కోల్‌కతాదే.
* హైదరాబాదు: దీని గుర్తు అయిదు కోణముల నక్షత్రము. తొలి సంవత్సరములలో మధ్యకు చీలిన వజ్రము, లోపల చుక్క గల వజ్రము కూడా వాడబడినవి. వీటిని ముంబై వజ్రముగా పొరబడుట కద్దు.
* నోయిడా: స్వాతంత్ర్యము తరువాత నెలకొల్పిన టంకశాల ఇది. 1988లో ఉత్పత్తి మొదలైనది. దీని గుర్తు గుండ్రని చుక్క.

2006 నుండి ఈ నాలుగు టంకశాలలు ఆర్థిక మంత్రిత్వ శాఖకు చెందిన భారత ప్రతిభూతి ముద్రణ మరియు టంకణ సంస్థ అధీనములో ఉన్నవి. నాణెములను తయారుచేయించునది కేంద్ర ప్రభుత్వము. చెలామణిలోకి పంపునది రిజర్వు బ్యాంకు.

== హైదరాబాదు టంకశాల చరిత్ర ==

ఇది 1803లో మూడవ ఆసఫ్ జా సికందర్ జా కాలములో సుల్తాన్ షాహీలో స్థాపించబడినది. 1903లో సైఫాబాదుకు మారినది. నిజాం ప్రభుత్వపు నాణెములపై చార్మినార్ చిత్రము ఉండెడిది. 1950లో టంకశాల భారత ప్రభుత్వ పరమైనది. 1997లో చర్లపల్లికి తరలినది. సైఫాబాదు భవనములో 2022లో నాణెముల ప్రదర్శనశాల ఏర్పాటైనది.

== మూతపడిన టంకశాలలు ==

చెన్నపట్నములో ఈస్టిండియా కంపెనీ టంకశాల ఉండెడిది. 19వ శతాబ్ది ఆరంభములో అక్కడ తయారైన అర వరహా, పావు వరహా నాణెములపై ఒక వైపు గోపురము, మరొక వైపు విష్ణుమూర్తి, చుట్టును తెలుగు, తమిళ అక్షరములు కలవు. ఈ టంకశాల 1869లో మూతపడినది. చెన్నై జార్జిటౌనులోని మింట్ వీధికి ఆ పేరు దీని వలననే వచ్చినది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో, 1943లో, లాహోరులో ఒక టంకశాల నెలకొల్పబడినది. దాని గుర్తు 'ఎల్'. 1947 విభజనతో అది పాకిస్తానుకు చెందినది. 1918లో బొంబాయిలో తయారైన బంగారు సవరనులపై 'ఐ' అను గుర్తు కలదు.

== విదేశీ టంకశాలలు ==

చిల్లర కొరత తీర్చుటకు 1980ల మధ్య నుండి 2000ల ఆరంభము వరకు కొన్ని నాణెములు విదేశములలో తయారైనవి. 1985 నాటి కొన్ని రూపాయి నాణెములపై 'ఎచ్' ఉన్నచో అవి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌వి. 1988 నాటి కొన్ని నాణెములపై గల 'సి' కెనడాలోని ఒట్టావా గుర్తు. బ్రిటిషు కాలపు కొన్ని నాణెములపై గల 'సి' మాత్రము కలకత్తాను సూచించును. కావున గుర్తును సంవత్సరముతో కలిపి చదువవలెను. 'ఎంకె' స్లొవేకియాలోని క్రెమ్నిట్సాకు, 'ఎంఎండి' మాస్కోకు గుర్తులు.

== చెల్లుబాటు, అపోహలు ==

టంకశాల గుర్తు నాణెము చెల్లుబాటును నిర్ణయించదు. గుర్తు ఏదైనను, గుర్తు లేకున్నను విలువ ఒకటే. పది రూపాయల నాణెములను పలుచోట్ల దుకాణదారులు నిరాకరించగా, 14 రూపములలో ఉన్న ఆ నాణెములన్నియు చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో స్పష్టము చేసినది. నాణెము వెనుక రూపాయి చిహ్నము లేనంత మాత్రమున అది నకిలీ కాదు. ఆ చిహ్నము 2010లోనే ఆమోదము పొందినది. 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణెములు మాత్రము 2011 జూన్ 30 నుండి చెల్లవు.

ఫలానా గుర్తు గల పాత నాణెమునకు లక్షలు ఇత్తుమని నమ్మించి, ముందుగా రుసుము వసూలు చేయు మోసములు కూడా కలవు. తన పేరు వాడుకొని జరుగు ఇట్టి మోసముల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. పాత నాణెము వెల దాని అరుదుదనముపై, అరుగుదలపై ఆధారపడును. కేవలము నక్షత్రమో వజ్రమో ఉన్నంత మాత్రమున పెరుగదు.